అక్క మోసిన ఏండ్లు

రోజూ పొద్దున ఏడింటికి రాజారత్నం చేసే మొదటి పని అక్కను ఎడమ పక్క నుంచి కుడి పక్కకు తిప్పడం. భుజం కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేసి, "తిప్పతా ఉండానక్కా, గట్టిగా పట్టుకో" అంటాడు. మునిరత్నమ్మ మంచంపట్టె పట్టుకుని బోసిచిగుళ్ళు బిగబట్టుకుంటుంది. మూడు నెలల కింద కుళాయి దగ్గర జారిపడి ఆమె తుంటి విరిగింది. రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుందని ఆసుపత్రి నర్సు చెప్పింది. తొమ్మిదిన్నరకు రాజారత్నం సర్కారు ఆఫీసులో గుమాస్తాగిరీకి పోయాక ఆ తిప్పడాలన్నీ భార్య శకుంతలమ్మవే. ఆమె నడుముకు గుడ్డ బిగించి, ఎవర్నో తిట్టుకుంటూ తిప్పుతుంది. వదినను మాత్రం కాదు. అంత పాపిష్టిది కాదు శకుంతలమ్మ.

మునిరత్నమ్మ పుట్టి అరవై రెండేండ్లు. ఒంటికి మాత్రం ఎనభై ఆరు. మిగతా ఇరవై నాలుగూ ఆమెవి కావు.

తిరుపతిలో వాళ్ళ వీధివాళ్ళు పిల్లల్ని బడిలో వేసేటప్పుడు వయసు తగ్గించి రాయించేవాళ్ళు. సర్కారు ఉద్యోగం వస్తే నాలుగేండ్లు ఎక్కువ చేసుకోవచ్చని. తగ్గించిన ఏండ్లు గాలికి పోవు గదా, ఎవరో ఒకరు తీసుకోవాలి. రాజారత్నం పదేండ్లదాకా మేకల వెంట తిరిగి అప్పుడు బడికి పోయాడు. అయ్యవారు అయిదేండ్లని రాసి, కలం ఆపి, "మిగతా అయిదూ ఎవరికి?" అని అడిగాడు. నాయన తన కాళ్ళవైపు చూసుకున్నాడు. పక్కన నిలబడిన పద్నాలుగేండ్ల మునిరత్నమ్మ "నాకియ్యండయ్యోరా" అంది. పొద్దున కట్టుకున్న పావడా ఇంటికి వచ్చేసరికి పిక్కల మీదికి వచ్చింది.

ఒకసారి మోసింది గదా అని, ఆ తర్వాత వీధిలో తల్లులంతా ఆమె చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయారు. మంచి పిల్ల అన్నారు. మంచి పిల్ల అని పేరు పెట్టేస్తే ఇక ఆ నెత్తిన ఏం పెట్టినా అడిగేవాళ్ళుండరు. మూడు, నాలుగు, రెండు, అట్లా తమ్ముడితో కలిపి ఏడుగురివి ఆమె ఒంట్లో చేరాయి. వడమాలపేట నుంచి పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆమెనే పెండ్లికూతురి తల్లి అనుకుని వంగి దండం పెట్టారు. మళ్ళీ ఎవరూ రాలేదు. ఆమె తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది.

ముసలివాళ్ళ పింఛనుకు అర్జీ పెడితే, అక్కడి గుమాస్తా ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత కాగితం చూసి కూర్చున్నాడు. "అరవై అయిదు నిండాలమ్మా. నీకింకా మూడేండ్లు తక్కువ."

పంతొమ్మిది వందల ఎనభై మూడు ఫిబ్రవరిలో, బాడుగ కారులో ఆమెను పుత్తూరుకు తీసుకుపోయారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే దేవరాజులు తుంటి మీద వేళ్ళతో ఒత్తి చూసి, ఆకు పసరు గిన్నె పక్కకు జరిపేశాడు.

"ఎముక ఎనభై ఆరేండ్లది అప్పా. దీని మీద ఏం కట్టేది? ఏండ్లు దించండి, అతుక్కుంటాది. దించకపోతే ఈ ఎండాకాలం దాటదు."

దించాలంటే ఎవరి ఏండ్లు వాళ్ళు వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, నోరు తెరిచి అడగాలి. అడిగితే ఆమె ఇవ్వక తప్పదు. ఏండ్లు వెనక్కి తీసుకున్న రోజే ఆఫీసు రిజిస్టరులో అంకె కూడా మారిపోతుంది. ఇది అందరికీ తెలుసు. అందుకే ఇంతకాలం ఎవరూ ఆ గడప తొక్కలేదు. దానికి తోడు సర్కారు అప్పుడే కొత్త ఉత్తర్వు తెచ్చింది. యాభై అయిదు దాటిన ఉద్యోగులంతా నెలాఖరుకు ఇంటికి.

రాజారత్నం ఇంటింటికీ తిరిగాడు. ఆసుపత్రిలో అటెండరు మహబూబ్ బాషా అక్క మీద మూడేండ్లు పెట్టినవాడు. మాట వినగానే కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు.

"అక్క చేతి అన్నం తిన్నోణ్ణి రత్నమన్నా. కానీ రికార్డులో నాకు యాభై నాలుగు. మూడు కలిస్తే నెలాఖరుకు ఇంట్లో కూర్చోవాల. ఇంట్లో ఎనిమిది మంది ఉండారు. నన్ను అడగొద్దన్నా, నీకు దండం పెడతా."

అయిదు గడపలు ఎక్కి దిగాడు. అందరూ ఏడ్చినవాళ్ళే, ఒక్కరూ లేచి రాలేదు. ఆరోది బడిపంతులు జయరావు ఇల్లు. జయరావు ఏడవలేదు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడిగాడు.

"నావి నాలుగు ఉండాయి, నిజమే. నీవి అయిదు గదా రత్నం. నువ్వు తీసుకుంటివా?"

రాజారత్నం చేతిలో చెంబు కిందపెట్టాడు. ఈ సంగతి తనకు తట్టలేదని కాదు. తట్టినప్పుడల్లా గబగబా ఇంకో గడప ఎక్కాడు, అంతే. ఆయన సిగ్గుతో చితికిపోయాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి నడిచాడు.

ఇంట్లో శకుంతలమ్మ వదిన చీర పక్కకు తీసి చూపించింది. నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు.

"నా వల్ల కావడంలే. నేనూ మనిషినే గదా" అని గోడకు ఆనుకుని జారి కూలబడింది.

ఆయన తన అయిదేండ్ల మాట చెప్పాడు. పెద్దోడు ఇంటరు, చిన్నది తొమ్మిదో తరగతి. వచ్చేది ఒక్క జీతం. శకుంతలమ్మ లేచి చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. పొద్దున ఏరి పెట్టిన బియ్యమే అవి.

అంతా వింటున్న మునిరత్నమ్మ తమ్ముణ్ణి పిలిచింది.

"వద్దురా అబ్బోడా. అయిదు తీస్తే ఎనభై ఒకటి. ఆ ఎముకా అతికేది కాదు. నీ ఉద్యోగమూ పోతాది, నేనూ పోతాను. రొండూ పోగొట్టుకునేది యాలరా?"

ఆ లెక్కలో తప్పు లేదు. రాజారత్నానికి భయంగా ఉంది. అయినా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఎండిన చెయ్యి పట్టుకున్నాడు.

"నా ఏండ్లు నాకియ్యక్కా."

ఆమె మొహం తిప్పుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఇచ్చింది. ఆయన లేవబోతే మోకాళ్ళు లేవనియ్యలేదు. శకుంతలమ్మ చాట పక్కనపెట్టి వచ్చి చెయ్యి అందించింది.

నెలాఖరు రోజు ఆఫీసులో రిజిస్టరు తెరిచిన అధికారి, "నీకు యాభై ఎనిమిదా రాజారత్నం! చూస్తే తెలీదే" అన్నాడు. తర్వాత ఇంకోసారి మొహం చూసి రిజిస్టరు మూసేశాడు. ఆ రోజు ఇంటికి పోయేవాళ్ళు ఆరుగురు, తెచ్చిన దండలు అయిదు. ఆయన కోసం ఇంకోటి తెప్పించారు. మధ్యాహ్నం పొద్దు వాలకముందే, బంతిపూల దండ చేతికి చుట్టుకుని, రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఇల్లు చేరాడు. ముప్పై ఏండ్లలో ఆ వేళకు ఇంటికి రావడం అదే మొదలు. ఏం మొహం పెట్టుకుని లోపలికి పోవాలో తెలియలేదు.

లోపల శకుంతలమ్మ మంచం పక్కన నేలమీద పడి నిద్రపోతోంది. నడుముకు గుడ్డ అట్లాగే ఉంది. గడియారం మూడు దాటింది. ఒంటిగంటకు ఎడమకు తిప్పాల్సింది! దండ పారేసి, చేతులు చాచి మంచం దగ్గరికి పోయాడు.

మునిరత్నమ్మ కుడి పక్కకు తిరిగి లేదు. ఎడమ పక్కకు, గోడ వైపుకు తిరిగి ఉంది. మంచంపట్టె పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు, ఒళ్ళంతా చెమట.

"అరిసి ఆమెను లేపొద్దురా" అంది మెల్లగా. "నేనే తిరిగినాను. నిద్దర పోనీ పాపం, మూడు నెలలాయె."