అత్తగారి గదిలో బేరింగులు

మా ఫ్యాన్ల ఫ్యాక్టరీలో స్టోర్స్ మేనేజరుని నేను. సరుకు ఎప్పుడొస్తుందో సప్లయరుకీ తెలియదు, నాకూ తెలియదు. అందుకే దొరికినప్పుడల్లా దొరికినంతా కొని పడేస్తుంటాను. దీన్ని ముందుచూపు అని నేనే పిలుచుకుంటాను.

అలాంటి నా ప్రాణం మీదికి ఓ ఆడిటరు వచ్చిపడ్డాడు. మా సరఫరా వ్యవస్థ ఎంత పక్కాగా ఉందో చూసి, ఐదు మెట్లలో ఏ మెట్టు మీదుందో తేలుస్తాడట. మూడో మెట్టు వస్తేనే ఆయన్ని పంపిన కంపెనీ మాకు పెద్ద ఆర్డరు ఇస్తుంది. రాకపోతే నా కుర్చీ ఉండదని ఓనరు ముందే చెప్పేశాడు.

గోదాములో గుట్టలుంటే మార్కులు పోతాయని విన్నాను. బాగుచెయ్యడానికి టైమెక్కడిది? బేరింగుల పెట్టెలన్నీ వ్యానులో వేసి మా ఇంటికి తోలేశాను. మా అత్తగారి గది నిండిపోయింది. మోకాళ్ల నొప్పుల మనిషి, హాల్లో సోఫాలో ముడుచుకుంది.

"రెండ్రోజులే అత్తయ్యా" అన్నాను.

"సర్లే నాయనా, నీ ఉద్యోగం కంటేనా" అంది.

నా మొహం మండ, అప్పుడు సిగ్గన్నా వెయ్యలేదు.

ఆడిటరు ఖాళీ గోదాము చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. నేను గాల్లో తేలుతున్నాను. అంతలో బేరింగుల్లేక ఫ్యాన్లు బిగించే లైను ఆగిపోయింది. హడావుడిలో ఆ రోజు వాడకానికి కావలసినవి కూడా ఇంటికి తోలేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఎంతసేపట్లో తెప్పించగలరు?" అన్నాడు ఆడిటరు.

"పది నిమిషాలండీ."

"అంత దగ్గర్లో సప్లయరున్నాడా? పదండి, నేనూ చూస్తా."

కాదంటే అనుమానం. ఇద్దరం వ్యానెక్కాం. మా అత్తగారు తలుపు తీసి, వ్యాను చూసి మొహం చేటంత చేసుకుని ఆడిటరుతో అంది.

"పెట్టెలు తీసుకెళ్లడానికొచ్చారా బాబూ? పుణ్యముంటుంది. సోఫాలో నడుం పట్టేసింది. అల్లుడు కంపెనీ గొడవల్లో ఉన్నాడు కదా పాపం, అందుకే నోరెత్తలేదు."

ఆడిటరు నా వంక చూశాడు. నోటిదాకా వచ్చిన అబద్ధం ఆ 'పాపం' అన్న మాట దగ్గర ఆగిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"మా అత్తగారండీ. ఆ గది ఆవిడది. సప్లయరూ లేడు, ఎవడూ లేడు. దాచింది నేనే" అన్నాను.

ఆయన గదిలోకి నడిచాడు. వంగి ఒక పెట్టెకి అటు చెయ్యి వేశాడు. ఇటు నేను పట్టుకున్నాను.

మాకు ఒకటో మెట్టు వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నా కుర్చీ సంగతి సోమవారం తేలుస్తానన్నాడు ఓనరు.

ఆ రోజు భోజనం కాగానే అత్తగారు తన మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుంది. మా ఆవిడ నాకు సోఫా చూపించింది. నిజంగానే నడుం పట్టేస్తోంది.