బెంచీల మధ్య కసరత్తు

పాఠానికి ముందు పిల్లల చేత కసరత్తు చేయించడం బావకు నేర్పింది డ్రిల్లు మాస్టారే. తన గొయ్యి తానే తవ్వుకోవడం అంటారు గదా, ఈయన అంచులు కూడా నున్నగా చెక్కుకున్నాడు.

బావంటే సొంత అక్క మొగుడు, అదే బళ్లో లెక్కల మాస్టారు. మధ్యాహ్నం పిల్లలు కునికిపాట్లు పడుతున్నారని వాపోతే, "చాక్‌పీసు పట్టుకునే ముందు కాసేపు అందర్నీ లేపి ఆడించు బావా" అన్నాడు మన మాస్టారు. అనడమే కాదు, బడి వదిలాక ఖాళీ తరగతిలో దగ్గరుండి నేర్పాడు. బెంచీల మధ్య ఒకరి చెయ్యి ఒకరికి తగలకుండా ఎలా చాపాలి, కూర్చుని లేచేటప్పుడు మడమలు ఎలా ఆనించాలి, ఆయాసపడే పిల్లను ఎక్కడ ఆపాలి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. బొజ్జ అడ్డొచ్చి బావ వంగలేకపోతే ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

కొన్నాళ్లకే ఫలితం కనబడింది. మెట్లెక్కితే రొప్పే పిల్లలు పైఅంతస్తు దాకా పరిగెత్తసాగారు. లెక్కల క్లాసులో ఆవలింతలు తగ్గాయి. మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఈ ఏడు ఒక ఉపాధ్యాయుణ్ణి తీసేస్తామని పెద్దసారు ముందే చెప్పాడు మరి. లెక్కలకు ఇద్దరున్నారు, ఆటలకు తనొక్కడు. వేటు ఆ ముగ్గురిలోనే ఎవరి మీదో పడుతుంది. పిల్లలకు వ్యాయామం ఎంత అవసరమో రుజువైతే తన ఉద్యోగం నిలబడుతుందని మాస్టారి ధీమా.

"నువ్వు దిగులుపడకు. మీటింగులో నేను బల్లగుద్ది చెప్తాగా" అన్నాడు బావ.

బల్లగుద్దే చెప్పాడు. వ్యాయామంతో పిల్లలెంత మారారో బావ చెబుతుంటే మాస్టారు లోలోపల పొంగిపోయాడు.

"కాబట్టి సార్, దీనికి వేరే పీరియడూ అక్కర్లేదు, వేరే మాస్టారూ అక్కర్లేదు. ఎవరి క్లాసులో వాళ్లం చేయించుకోవచ్చు. రానివాళ్లకి నేను నేర్పిస్తాను."

పెద్దసారు తల పంకించాడు. మిగతావాళ్లు బల్ల మీది టీ కప్పుల వంక చూస్తూ కూర్చున్నారు. ఆ నెలాఖరుతో డ్రిల్లు మాస్టారి కొలువు సరి.

మీటింగు అవగానే మాస్టారు వరండాలో బావను పట్టుకున్నాడు. "నా తరఫున మాట్లాడనని మొహం మీదే చెప్పి ఉంటే సరిపోయేది. నమ్మించి గొంతు కోశావు బావా."

"నా వయసు చూడు. ఇక్కడ తీసేస్తే నన్నింకెవరు పెట్టుకుంటారు?"

"ఆ మాట నాతో ముందే అనొచ్చుగా. పద, అక్క దగ్గరే తేల్చుకుందాం. ఇది తెలిస్తే అది నీ మొహం చూడదు."

బావ కదల్లేదు. చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ నిలబడ్డాడు.

"ఈ ఉపాయం మీ అక్కదే. తమ్ముడికి ఒంట్లో సత్తువుంది, వాడు ఎక్కడైనా బతుకుతాడంది."

మాస్టారు గోడకు ఆనుకున్నాడు. బావ మీదైతే కోపం వచ్చింది. అక్కను తలుచుకుంటే ఏడుపొచ్చింది.