తిరగేసిన పెరడు

ఆ ఆదివారం చేయవలసిన పనులు ఇవి. పెరటి కుళాయిని చుక్కచుక్కగా పడేలా వదిలి, కింద వెడల్పాటి పళ్లెం పెట్టాలి. కుళాయి పక్కన ఒక మైకు, నిమ్మచెట్టు కొమ్మకు ఇంకో మైకు కట్టాలి. వాన పడితే తడవకుండా రెండింటికీ డబ్బా మూతలు గొడుగుల్లా బిగించాలి. ఎవరి కాళ్లకూ తగలకుండా వంటింటి గుండా తీగలు లాగాలి. ఇదంతా పెద్దమ్మకు తెలియకుండా జరగాలి.

చివరిది కుదరలేదు. తీగల చుట్ట నేలకు తగిలిన చప్పుడుకే, "ఎవరి పెళ్లి?" అని గదిలోంచి అడిగింది.

పెద్దమ్మ దర్జీ. నన్ను పెంచి చదివించింది ఆమే. మా వంశంలో డిగ్రీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే కనుక నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'డిగ్రీ' అనేది. నాకు ఉద్యోగం వచ్చి ఈ అద్దె ఇంటికి మారేనాటికే ఆమె చూపు పూర్తిగా పోయింది. అంటే ఇది ఆమె ఎన్నడూ చూడని ఇల్లు. గదినీ వంటింటినీ తడుముకుంటూ నేర్చుకుంది గానీ పెరటి గడప మాత్రం దాటలేదు. ఎండ తగలాలి, నాలుగడుగులు వేయాలి, లేకపోతే కాళ్లు బిగుసుకుపోయి మంచానికి అతుక్కుపోతారని డాక్టరు ఖండితంగా చెప్పారు. నేను బతిమాలాను, కోప్పడ్డాను. ఇంట్లో గోడలే తనను గుద్దుతున్నాయి, ఇక బయటివి కూడా ఎందుకు అనేది.

అప్పుడు మైకు బాబాయి పూనుకున్నాడు. ఆయన పెద్దమ్మకు మరిది. సభలకు మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషి. వదిన పెరట్లోకి రాకపోతే పెరటినే వదిన దగ్గరకు తెద్దామన్నాడు. ఆమె కుర్చీని పెరటి వైపు తిప్పి, చెరో పక్కా ఒక స్పీకరు పెట్టాడు. తర్వాత చెట్టు కిందికి వెళ్లి గొంతు సవరించుకుని మైకు పరీక్షించాడు. ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి.

"మొదటిసారి కదా వదినా, మైకంటే భయం వాటికి" అని వచ్చి సర్దిచెప్పాడు.

"మైకంటే కాదు, నీ గొంతంటే. నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకూ ఎగిరిపోదామనే అనిపించింది మరిదీ."

కాసేపటికి పిట్టలు తిరిగి వచ్చాయి. మైకు చిన్న చప్పుడును దగ్గరకు తెస్తుంది. పళ్లెం అంచు మీద పిచ్చుకల గోళ్లు, రేకు డబ్బాలో సూదులు పడుతున్నట్టు వినిపించాయి. గోరింక ముక్కును కొమ్మకేసి రుద్దుతుంటే కత్తెర నూరుతున్నట్టుంది. రెక్కలు దులిపినప్పుడు ఎవరో కొత్త గుడ్డ తాను విప్పి గదంతా పరిచారు. పెద్దమ్మ చేతులు ఒళ్లో మెల్లగా కదిలాయి, కనబడని బట్ట మీది ముడతలు సవరిస్తున్నట్టు.

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే నేనూ ఆమె పక్కన కూర్చుని కళ్లు మూసుకునేదాన్ని. గోడలు పలచబడేవి. ఎడమవైపు ఆకులు, కుడివైపు నీళ్లు, మధ్యలో మేమిద్దరం తేలుతూ. ఏది నిద్రో ఏది మెలకువో తెలిసేది కాదు. ఉద్యోగానికి వేళయిందని ఆమే నన్ను తట్టి లేపేది.

ఒక ఉదయం, బాబాయి తీగలు చూసి పోదామని వచ్చిన వేళ, పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ నీళ్ల కింద చెయ్యి పెట్టాలని ఉందంది. నేను చెయ్యి అందించబోతే వద్దంది. "దారి నాకు తెలుసులే."

గడప దాటింది. తడబడకుండా కుడివైపు తిరిగింది. నేను నోరు తెరిచేలోపే నిమ్మకొమ్మల్లోకి నడిచింది. గోరింక ఆమె తల మీదుగా ఎగిరిపోయింది. వేలిలో ముల్లు దిగింది.

ఆమె అక్కడే బిగుసుకుపోయింది. "నీళ్లేవే?" అంది, తప్పిపోయిన పిల్లలా. ఇక ఈ మనిషి జన్మలో బయటికి రాదనుకున్నాను.

బాబాయి నాలుక కరుచుకున్నాడు. చెట్టు కుడివైపు అని మనసులో పెట్టుకుని, అలవాటు కొద్దీ వేదిక మీద నిలబడి జనాన్ని చూసినట్టు కుర్చీకి ఎదురుగా నిలబడి, చెట్టు స్పీకరును తన కుడిచేతి వైపు పెట్టాడట. అది ఆమెకు ఎడమ.

పెద్దమ్మ ముల్లు పీకేసి, సూది గుచ్చుకున్నప్పుడల్లా చేసినట్టే వేలిని నోట్లో పెట్టుకుంది. రెండో చేత్తో ఒక ఆకును పట్టుకుని పైవైపూ అడుగువైపూ రాసి చూసింది. ఆమె వీపు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"పెరడుని తిరగేసి కుట్టావన్నమాట మరిదీ. పోనీలే, తిరగేసినా చొక్కా చొక్కానే. చేతులు ఎటు దూర్చాలో తెలిస్తే చాలు."

లోపలి స్పీకర్లు ఆపించింది. అవి ఆగాక, వాటి హోరులో వినబడని అసలు చుక్కల చప్పుడు సన్నగా తేలింది. పెద్దమ్మ అటు తిరిగి, చెయ్యి చాపి, నేలను పాదంతో అడిగి అడిగి నడిచింది. కుళాయి దొరికింది. చుక్కలు ఒక్కొక్కటీ ఆమె అరచేతిలో పడ్డాయి. పిచ్చుకలు వెనక్కి జరిగి గోడ మీద బారులు తీరాయి.

స్పీకర్లు అటుదిటు మార్చేస్తానని బాబాయి లేచాడు.

"వాటిని ముట్టుకోకు" అంది పెద్దమ్మ. "ఇది బట్టకి పైవైపు. అది లోపలి వైపు. నాకు రెండూ కావాలి."

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె పొద్దున్నే పెరట్లో నడిచింది, నడిచి వచ్చి కుర్చీలో కూర్చుని తిరగేసిన పెరడును విన్నది. మీ ఇంట్లో ఎవరైనా గడప దాకా వచ్చి కాలు వెనక్కి తీసుకుంటుంటే, వాళ్లను తొందరపెట్టే ముందు మా పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి.