లాడ్లీ బేగం కోడి, ఖమర్ వైవా

వైవా అంటే పరీక్షకుడు 'వై' అనడం, పిల్లలు 'వా' అని ఏడవడం. పాలమూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదివే ఖమర్ పోయినేడు ఏడవను కూడా లేదు. అడిగినదానికల్లా "తెల్వదు సార్" అని తప్పింది. ఇది పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం. ఈసారి గట్టెక్కితే కొత్తకోట కాలేజీలో కొలువు ఖాయం. తప్పితే ఆ కుర్చీ ఇంకొకరిది.

ఊరంతా పిండాలు పెట్టేది కాకులకైతే, జువాలజీ జానయ్య సారు పెట్టేది పరీక్షకు; ఆయనవి గుడ్డులో పెరిగే కోడిపిల్లల పిండాలు. తీరా పరీక్ష రోజున కరెంటు పోయి, గుడ్లు పొదిగే పెట్టె చల్లబడి, లోపలివి పాడయ్యాయి. అటెండరు లింగయ్య కాలేజీ వెనక లాడ్లీ బేగం ఇంటికి ఉరికి, పొదుగుతున్న కోడి కింది గుడ్లు గంపలో తెచ్చాడు. వాటిలో కొన్ని పగలగొట్టి, పిండాల కాళ్ళు మాత్రం గాజు పళ్ళెంలో పెట్టి, మిగిలినదంతా బయట పారేశాడు. దాన్ని కాలేజీ కుక్క స్వాహా చేసింది.

హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు రఘుపతి గారు సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టేసరికి వాకిట్లో కేక.

"ఓ లింగయ్యా! నా బాతు గుడ్లు గూడ ఎత్కపోయినవా ఏంది?"

"కోడి కిందున్నయి గద బేగమమ్మా, కోడివే అనుకున్న!"

"నా బాతులు పొదగయి. వాటి గుడ్లు కోడి కిందనే పెడ్త. గా మాత్రం తెల్వదా నీకు? అంత పెద్ద గుడ్డు కండ్లకు ఆనలేదా?"

"చేతికందినయి తెచ్చిన."

గుడ్డిగా గుడ్లు తెచ్చిన లింగయ్య తల దించుకున్నాడు. జానయ్య సారుకు చెమటలు. పరీక్షకుడు మాత్రం మీసం దువ్వాడు.

"బాగుంది. ఈ కాలు కోడిదా, బాతుదా? నాకూ తెలియదు. చెప్పండి."

ఖమర్‌తో చదివే వహీద్ మొదట చూశాడు. "వేళ్ళ నడుమ తోలున్నది. బాతే సార్!"

తర్వాత ఖమర్. చాలాసేపు చూసి అన్నది: "తెల్వదు సార్."

జానయ్య సారు కళ్ళు మూసుకున్నాడు.

"పోయినేడూ ఇదే అన్నావట?" అడిగారు రఘుపతి గారు.

"పోయినేడు నిజంగనే తెల్వదు సార్. ఇప్పుడు తెలిసి అంటున్న. గీ వయసుల రెండింటికీ తోలుంటది. ఇంకో రెండ్రోజులు పెరిగితే కోడిదాంట్ల గా నడిమి కణాలు చచ్చిపోతయి, వేళ్ళు విడిపోతయి. బాతుదాంట్ల ఉండిపోతయి."

"అంటే బాతు తోలు కొత్తగా సంపాదించిందా?"

"లేదు సార్. ఉన్నదాన్ని పోగొట్టుకోలేదు. మొదలు ఇద్దరికీ ఒక్కటే. యాడ ఏది తీసెయ్యాలె, యాడ ఉంచాలె, గదే మారింది."

రఘుపతి గారు కలం మూత పెట్టారు. "ఇంక అడిగేదేం లేదు. కొత్తకోటకు వెళ్ళిరా తల్లీ!"

వాకిట్లో లాడ్లీ బేగం ఖమర్ రెండు చెంపలూ నిమిరింది.

"పాసైనవా బేటీ? అల్లాకు షుకర్! లింగయ్యా, జర గంప ఇటు తే. మిగిలిన గుడ్లన్న నా కోడికి దక్కనియ్యి."