కిరాషతల్లి మొక్కు

బల్లి మీద పడితే తలస్నానం చేసి, దీపం వెలిగించి, పంచాంగంలో ఫలం అడిగి తెలుసుకొన్న పిమ్మటగాని గుక్కెడు నీళ్ళు ముట్టని మనిషి శంకరమ్మ. అటువంటి ఇల్లాలు ఒక బల్లిజాతి తల్లి కోసం బోరంచ ఊరి నల్లపోచమ్మకు మొక్కుకున్నదంటే నారాయణఖేడ్‌లో ఆ వాడంతా నవ్విందన్నా వింత లేదు.

ఆదివారం సాయంత్రాలు టీవీలో ‘ఏడు సూర్యుల సీమ’ అనే ధారావాహిక తెలుగు మాటలతో వచ్చేది. చుక్కల నడుమ ఏదో లోకంలో కాపురముండే శల్కులనే జాతి కథ అది. ఆ శల్కులు మనుషులవలె రెండు కాళ్ళ మీద నడుస్తారు. ఒళ్ళంతా పచ్చని పొలుసులు, వెనుక తోక, రెప్ప వాలని కన్నులు. కోడలు నర్మద కందిపప్పు చెరుగుతూ చూస్తూంటే శంకరమ్మ కొంగు అడ్డం పెట్టుకొని, “థూ, తినే యాళ్ళకు గీ తొండల మొఖాలేందే!” అని కసిరేది.

ఒక ఆదివారం కథ మలుపు తిరిగింది. శత్రువుల ఓడలు ఆకాశం నుండి నిప్పులు కురిపిస్తూంటే, కిరాష అనే శల్కుల స్త్రీ తన గుడ్ల మీద బోర్లా పడుకొన్నది. వీపు కాలుతున్నా కదలలేదు. సొమ్మసిల్లి, తెలివి వచ్చి చూసుకొనేసరికి గుడ్లు లేవు. ఆ తల్లి అరవలేదు, ఏడవలేదు. గుడ్లున్న చోటి బూడిదను అరచేతితో నిమిరింది.

శంకరమ్మ కొంగు ముఖం మీది నుండి ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు. బోరంచ దిక్కుకు తిరిగి చేతులు జోడించింది.

“అమ్మా, నల్లపోచమ్మా! గా తల్లి పిల్లలు గా తల్లికి దక్కితే, తల్లినీ పిల్లల్నీ తెచ్చి నీ గడప తొక్కిస్త. బోనం పెడ్త.”

శత్రువులు ఎత్తుకుపోయిన ఆ గుడ్లు కొన్ని వారాలకు దొరికాయి. తల్లి చూస్తూండగానే పగిలి, పిల్లలు ఒకటొకటే బయటికి వచ్చాయి. శంకరమ్మ వాడకంతా బెల్లం పంచింది. ఆ ఆనందం చల్లారకముందే ఆడిన మాట గుర్తుకు వచ్చింది. దేవత చెవిని చేరిన మాటను వెనుకకు తీసుకోవడం ఎవరి తరం?

కొడుకు బస్వరాజ్ ఆటో నడుపుతాడు. వాడు అన్నానికి కూర్చోగానే కదిపింది.

“మంగళవారం బోరంచ పోవాలె కొడుకా. మొక్కుంది.”

“ఎవలికి పానం బాగలేకుండె?”

“కిరాషకు.”

నర్మద కొంగు నోట్లో కుక్కుకొన్నది. బస్వరాజ్ ముద్ద దించి, “అమ్మా, గది కథనే. గామె లేదు. ఎవలో తోలు తొడుక్కొని ఆడుతున్నరు. ఊరంత నవ్వుతరు,” అన్నాడు.

“మొక్కిన నేనున్ననా?”

“ఉన్నవ్.”

“విన్న అమ్మ ఉందా?”

“ఉంది.”

“మరి నడుమల గామె ఉంటేంది, లేకుంటేంది? మాటైతే ఇచ్చిన గద!”

బస్వరాజ్ కంచం పక్కకు జరిపాడు. ఓడిన ఉక్రోషంతో, “సరే, పోదాం. మరి గడప తొక్కిస్తనంటివి! గామెను ఏ బస్సుకు రమ్మందం?” అన్నాడు.

ఆ మాట శంకరమ్మకు ముల్లై గుచ్చుకొన్నది. 

మరునాడు బజారులో బొమ్మలమ్మే మొగులప్ప దుకాణానికి వెళ్ళింది. అతడు వెదకి వెదకి ఒక ప్లాస్టిక్ శల్కుణ్ణి తీశాడు. చేతిలో తుపాకి, కోరమీసాల వంటి కొమ్ములు.

“వీడు సిపాయి. నాకు తల్లి కావాలె మొగులప్పా.”

“తల్లి బొమ్మ రాలేదక్కా. తుపాకున్నదే పోరగాళ్ళు కొంటరు. వీనికే చీర కట్టి తీస్కపోరాదు?”

“నీకే కట్టి తీస్కపోత తియ్. మొఖం గట్లనే ఉంది.”

దుకాణంలో ఉన్నవారు గొల్లున నవ్వారు. శంకరమ్మ మాత్రం వట్టి చేతులతో ఇంటిదారి పట్టింది. దారిలో చేనిగట్టున ఒక పుట్ట కనబడి కాళ్ళు ఆగాయి. ఏటేటా నాగుల పంచమికి పుట్టమన్నుతో జంటనాగులను చేసే చేతులు తనవి. పడగ చేయగల వేళ్ళకు తోక చేయడం రాదా? కొంగున మన్ను కట్టుకొని, పుట్టకు దండం పెట్టి వచ్చింది.

మధ్యాహ్నానికి అరుగు మీద మట్టి కిరాష లేచి నిలిచింది. నర్మద కాసేపు చూసి పెదవి విరిచింది.

“పొలుసులు లేకుంటే కిరాషెట్లయితది అత్తమ్మా? తొండయితది.”

అని కందిపప్పు చేట తెచ్చి పక్కన కూర్చొన్నది. తడిమట్టి మీద ఒక కందిబద్ద అంచున మరొక కందిబద్దను ఒత్తుకుంటూ పోతే, పచ్చని పొలుసులు ఎండకు నిగనిగలాడాయి. వీపు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి ఆగింది.

“వీపు కాలింది గద,” అని లేచి వెళ్ళి నల్లమినుములు తెచ్చింది.

సాయంత్రం ఆటో నిలిపి వచ్చిన బస్వరాజ్, కిరాష చుట్టూ పేర్చిన మట్టిపిల్లలను వంగి చూశాడు. “చిన్నది తల్లి తోక పట్టుకుంటది గద! దాన్ని గంత దూరం పెట్టిన్రేంది?” అన్నాడు.

అత్తాకోడళ్ళు ముఖముఖాలు చూసుకొన్నారు. కథే కదా అని కొట్టిపారేసిన మనిషి ఎప్పుడు చూశాడో!

మంగళవారం శంకరమ్మ బోరంచ గుడి ముందు కొడుకు ఆటో దిగి బోనమెత్తుకొన్నది. వెనుక నర్మద చేతి పళ్ళెంలో మట్టితల్లి, పిల్లలు. పూజారి కొబ్బరికాయ చేతబట్టి అడిగాడు.

“ఎవలి పేరు మీద?”

“కిరాష,” అన్నది శంకరమ్మ.

“ఏ ఊరు?”

శంకరమ్మ తల మీది బోనాన్ని రెండు చేతులా పట్టుకొన్నది. దేవత ఎదుట అబద్ధమాడజాలదు. నిజం చెబితే కాయ కొట్టకుండా పంపుతాడేమో. వెనుక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు బస్వరాజ్ ముందుకు వచ్చాడు.

“శానా దూరమయ్యా.”

“హైదరాబాదా?”

“ఇంకా అవతల. చుక్కల కాడ. టీవీల కథయ్యా గది. మా అమ్మ మొక్కింది.”

పూజారి పళ్ళెంలోకి తొంగి చూశాడు. “గీ తోకేంది?”

“వాళ్ళకుంటది,” అన్నది నర్మద.

“పిల్లలు దక్కినయా?”

“దక్కినయి,” అన్నది శంకరమ్మ. 

“అమ్మ కాడికి పాములొస్తయి, తేళ్ళొస్తయి. తోకున్నోళ్ళకు అడ్డం చెప్పనీకి నేనెవర్ని?” అని ఆయన పక్కకు జరిగి కాయ కొట్టాడు.

శంకరమ్మ బోనం దించి, మట్టితల్లిని రెండు చేతులా ఎత్తి, దాని పాదాలను పసుపు పూసిన గడపకు ఆనించి లోపలికి దాటించింది. తరువాత పిల్లలను ఒక్కొక్కదాన్నే దాటించింది. నర్మద అరచేతిలో చిట్టచివరిది మిగిలింది.

“తీస్కో అత్తమ్మా.”

“నువ్వే తొక్కియ్యి బిడ్డా.”

నర్మద వంగి, దాని చిన్ని కాళ్ళను గడపకు తాకించి, తీసుకొనిపోయి తల్లి తోక దగ్గర నిలిపింది.