పటము నాలుగు చూడుడు

దేవపాలు సారు పగ పట్టే మనిషి కాదని జమ్మలమడుగులో అందరూ అనేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు! ఇరవై మూడేళ్ళుగా ఆయన ఆ పగను ఎక్కాల్లా రోజూ వల్లెవేసుకుంటూనే ఉన్నాడు.

అప్పట్లో ఆయన అక్కడి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఊళ్ళో బాంబులు పేలితే పరీక్షలు వాయిదా పడే రోజులవి. ఫ్యాక్షన్ నాయకుడి కొడుకు ఓబులేసు గైడు ముందు పెట్టుకుని రాస్తుంటే ఎవరూ నోరెత్తలేదు. పాపం, ఏం రాస్తున్నాడో వాడికే తెలియదు. గైడులో ఉన్న 'పటము నాలుగు చూడుడు' అనే మాటనూ దించేశాడు. పటం మాత్రం గీయలేదు.

సారు పేపరు లాక్కుని, "పటం యాడుందప్పా?" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది.

ఆ సాయంత్రం పెన్నా వంతెన మీద సారు కుడిచేతిని ఓబులేసు పిట్టగోడకేసి విరిచాడు. చూసినవాళ్ళు పదిమంది, సాక్ష్యం చెప్పినవాడు ఒక్కడూ లేడు. అప్పటినుంచి సారు బోర్డు మీద ఎడమచేత్తోనే రాశాడు.

రిటైరయ్యాక ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీ కోసం రెండేళ్ళు కూర్చుని అరవై పాఠాల ఆన్‌లైన్ ఫిజిక్స్ కోర్సు తయారుచేశాడు. తన చదువంతా అందులో పోశాడు. అది పూర్తయ్యేసరికి కాలేజీని ఓబులేసు కొనేశాడు.

"పాఠాల్లో నా మొగం ఉండాల సారూ. పార్టీ టికెట్టు అడుగుతాండా. విద్యావేత్త అంటే పైనోళ్ళకు శానా మర్యాద. నీ పేరు యాడా రాకూడదు," అన్నాడు.

చెయ్యి తీసుకున్నాడు, ఇప్పుడు చదువూ తీసుకుంటాడట! సారుకు ఒళ్ళు మండిపోయింది. పైకి నవ్వాడు.

"అట్లే కానీప్పా. మొదటి పాఠం లైవులో చెప్పు. నీ ఎదురుగా చిన్న తెర మీద అచ్చరాలు వస్తాంటాయి, చదివితే చాలు."

"ముందే చూసుకోవాల్నా?"

"నీకేం అవసరం?"

తెర నడిపే ఖాజా ఆ పాఠం చూసి బిత్తరపోయాడు. "నా ఉద్యోగం పోతాది సార్."

"శుక్రవారం కువైట్‌కు పోతాండావు గదప్పా."

ఖాజా నవ్వి, పాఠాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు.

ఆరోజు ప్రొద్దుటూరు హాల్లో ముందు వరసంతా పార్టీ పెద్దలే. జమ్మలమడుగు, పులివెందుల బ్రాంచీల్లో పిల్లలు తెరల ముందు కూర్చున్నారు. ఓబులేసు బలం గురించి గడగడా చదివాడు.

"పటము నాలుగు చూడుడు."

వెనక పెద్ద తెర మీద ఎక్స్‌రే వెలిగింది. ఓబులేసుకు అది కనబడదు.

"ఇది మనిషి ముంజేయి. ఎముక రెండు చోట్ల విరిగినది. పెన్నా వంతెన మీద దేవపాలు సారు చేతిని ఇట్లు విరిచినవాడను నేనే. ఈ కోర్సు రాసినది ఆయనే."

ఫుల్‌స్టాపు దాకా చదివేశాడు. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. అప్పుడు గానీ ఓబులేసు వెనక్కి తిరగలేదు.

మూడో వరసలోంచి సారు గొంతు వినిపించింది.

"ఈ తూరి పటం పెట్టినాంలేప్పా. బాగా చూడు."