హమూద్ నమాజుకు వెళ్లినప్పుడు

షాహీన్ తుఫాను వరద వచ్చి పోయిన మూడో ఏడు ఇది, అవును మూడోదే, ఆ ఏడు సముద్రపొడ్డున ఖబూరాలో హమూద్ వాళ్ల ఇంటి గోడకు ఛాతీ ఎత్తున పడిన బురద గీత, ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతూనే ఉందట, మధ్యాహ్నం వీడియో కాల్లో వాళ్లమ్మ వెనకాల కనబడనే కనబడింది, ఇప్పుడా గీత తనకెందుకు, ఖురంలో పని ముగించి రూవిలో రూమ్‌కి పోయే కంపెనీ పికప్‌లో వెనక సీట్లో కూర్చున్న లచ్చన్న కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు, తిప్పుకుంటే మాత్రం ఆ ముసలామె వదులుతుందా, మధ్యాహ్నం ఫోన్ నిండా నవ్వుతూ అరబ్బీలో ఏదో అంది, హమూద్ దాన్ని హిందీ చేసి చెప్పాడు, నా కొడుకు చేతికి పని నేర్పావట, నీ చేతులు చల్లగా ఉండాలట, శుక్రన్ శుక్రన్ అన్నాడు తను, నేలచూపులు చూస్తూ, ఎందుకంటే అంతకు ముందే హమూద్ ఆమెకు ఫోన్‌లో చూపించి మురిసిపోయిన ఏసీ రాగి పైపు, నా చేత్తో బిగించానమ్మా, సబ్బు నురగ పూస్తే ఒక్క బుడగ రాలేదు అని చెప్పుకున్న ఆ పైపు, హమూద్ చేసింది కాదు, అతను నమాజుకు పోయి వచ్చేలోగా లచ్చన్న నట్టు విప్పి, పగిలిన మూతి కోసేసి, అంచు నున్నగా గీకి, మళ్లీ గరాటులా విప్పి, ఏమీ ఎరగనట్టు బిగించి పెట్టింది.

ఇవాళ ఒక్కనాడా, ఎనిమిది నెలలుగా ఇదే వరస, హమూద్ కోసిన అంచు గీకకుండానే మూతి విప్పుతాడు, అది సన్నగా చిట్లుతుంది, గ్యాస్ అక్కడే పోతుంది, మొదటి రోజే లచ్చన్న చెబుదామని నోరు తెరిచాడు, తెరిచిన నోరు అచ్ఛా హై సాబ్ అంది, కుట్టుపూల టోపీ కింద ఈ అరబ్బు దేశపు మొహం కనబడగానే మెడ దానంతటదే వంగింది, వంగదా మరి, వచ్చిన నాటి నుంచి ఎయిర్‌పోర్టులో ముద్ర కొట్టేవాడు, దవాఖానలో డాక్టరు, కంపెనీ యజమాని, అందరూ ఆ టోపీ వాళ్లే, వాళ్లలో ఒకడికి నువ్వు చేసింది తప్పు అని చెప్పడం ఏ నోటితో, ఆ హైదరాబాదు తౌసీఫ్‌కేం, సూపర్‌వైజరు, తీసుకొచ్చి నిలబెట్టి వెళ్లిపోయాడు, లచ్చన్నా, ఈయన హమూద్, ఇగ ఈ పనులు ఈ దేశపోళ్లకే నేర్పాలని పైనుంచి హుకుం, జర నేర్పించు అని, హమూద్ ఆవేళ ఖర్జూరాల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు, ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నాన్న కొట్టు వరదలో కొట్టుకుపోయాక పని కోసం తిరగని గుమ్మం లేదట, ఆ మాట చెబుతూ నవ్వాడు, ఆ నవ్వు చూసే కదా తన చెయ్యి అతని పని మీదికి పోవడం మొదలైంది, మంచికే అనుకున్నాడు, మంచికే.

ఏంది కాకా, రేపు నీ అల్లునికి పరీక్షనట గదా, పక్కనున్న భూమేశ్ మోచేత్తో పొడిచాడు, రూమ్‌లో పక్క మంచం వాడు, అల్లుడన్నది హమూద్‌ని, అతను ముందు సీట్లో డ్రైవర్ పక్కనే ఉన్నా తెలుగు రాదు కదా అని గొంతు కూడా తగ్గించడు, పరీక్షే, తౌసీఫ్ సాయంత్రం చెప్పాడు, రేపు పదింటికి ఘుబ్రాల ఒక ఫ్లాట్‌ల ఇంజినీర్ సాబ్ ముంగట హమూద్ ఒక్కడే ఏసీ పెట్టాలె, పాసైతే నౌకరీ పక్కా, లేకుంటే ఇంటికే, నువ్వు మాత్రం రావొద్దు, పక్కనుంటే నీ చెయ్యి ఊకోదు, ఇంకో మాట లచ్చన్నా, ఆయన పాసైతే నీ వీసా ఇగ పొడిగించరు, ముందే చెప్పకపోతే నాకు పాపం, అని భుజం మీద చెయ్యేసి వెళ్లాడు, నువ్వు నోరు మూసుకొని కూసో కాకా, భూమేశ్ ఆపడు, రేపు గ్యాసంతా బుస్సుమని పోతది, ఇంజినీర్ మొహం మాడ్తది, నిన్ను ఇంకో రెండేండ్లు ఉంచుకుంటరు, నోరు మూసుకునుడు నీకేమన్న కొత్తనా, నీ పెండ్లికి పిల్లను జూడ పోయిన్నాడు గూడ నువ్వు మాట్లాడలేదట గదా, రెండేళ్లు, ఆ మాట నాలుక మీద బెల్లంలా ఉంది, సెలవుకి ఊరికి పోతే భార్య రాములవ్వ రెండో రోజే టికెట్ ఏనాటికి అని అడుగుతుంది, గిట్టక కాదు, ఆమె పొద్దు ఆమెకుంది, సంఘం మీటింగులు, పెరట్లో కోళ్లు, ఆ ఇంట్లో తన చెప్పులు ఎక్కడ విడవాలో తనకే తెలియదు, ఇక్కడైతే ప్రతి మేడ మీదా తను బిగించిన నట్టు ఉంది, ఊరకుంటే చాలు, ఏమీ చేయనక్కర్లేదు, ఉత్తగా ఊరకుంటే.

సదీక్, దోస్తునలా పిలుస్తాడు అరబ్బీలో, ముందు సీట్లోంచి హమూద్ వెనక్కి తిరిగాడు, రేపు పాసైతే మా అమ్మ హల్వా చేస్తానంది, పెద్ద గిన్నె నీకే, నాకేం భయం లేదు, నా పైపు ఎన్నడన్నా లీకైందా, నువ్వే చెప్పు, అని ఆ వచ్చీరాని హిందీలో అడిగి, నిజంగానే జవాబు కోసం చూస్తూ ఉండిపోయాడు, సిగ్నల్ దగ్గర బండి ఆగింది, ఎర్ర దీపం అతని చెంప మీద పడింది, లచ్చన్న నోట్లో అసలు మాట పెదవి దాకా వచ్చి, కాలేదు సాబ్ అని బయటపడింది.

బండి కదిలింది, హమూద్ నిశ్చింతగా ముందుకు తిరిగాడు, కాలేదు సాబ్, తన గొంతే తన చెవిలో గీరుకుంది, కొత్తలో తనకు పని నేర్పిన ఫయాజ్ ఉస్తాద్ ఎన్నడన్నా అన్నాడా అలా, కడప మనిషి, ఏమిరా, ఇది పైపు మూతినా పగిలిన పెదిమనా, కోసెయ్, మళ్లా చెయ్ అని అందరి ముందూ విసిరికొట్టేవాడు, ఎండలో మేడ మీద, తను బాత్రూంలో దూరి ఏడ్చి, ఆ పానాతో వాడి తల పగలగొట్టాలనుకున్న రోజులున్నాయి, కానీ ఫయాజ్ తన పైపు ఒక్కనాడు ముట్టుకోలేదే, మెట్ల మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ చూసేవాడు, పొద్దు పోయినా సరే, కూడు చల్లారినా సరే, వీడికి వస్తుంది అని నమ్మినవాడే అలా కూర్చోగలడు, మరి తను, తను నమ్మాడా, సాబ్ సాబ్ అని మెడ వంచుతూనే వీడికెక్కడ వస్తుందిలే అని లోపల కదా అనుకున్నది, చుట్టపుచూపుగా వచ్చినవాడికి వడ్డించినట్టు పని చేసి పెట్టాడు, వంటింట్లోకి రానివ్వలేదు, మర్యాద అనుకున్నదంతా అదే, భూమేశ్ చెప్పిన నోరు మూసుకోవడం రేపు కొత్తగా చేయబోయేది కాదు, ఎనిమిది నెలలుగా చేస్తున్నదే, రేపు ఘుబ్రాలో ఆ మనిషి పడితే తోసింది తన చెయ్యే.

మర్నాడు పొద్దున గోడౌన్ తలుపు తీయగానే లచ్చన్న హమూద్‌కు ఒక రాగి పైపు ముక్క ఇచ్చి మూతి విప్పమన్నాడు. విప్పాడు, చిట్లింది, హమూద్ అలవాటుగా పక్కన పెట్టబోయాడు. లచ్చన్న పనిముట్ల పెట్టె మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, తప్పు చేశావు హమూద్ అన్నాడు, నిన్నటిదాకా లీకు కానివన్నీ నేను మళ్లీ చేసినవి, నువ్వు నమాజుకు పోయినప్పుడు, అంచు గీకాలి, కోసెయ్, మళ్లీ చెయ్. హమూద్ మొహం నల్లబడింది, చిట్లిన మూతిని వేలితో తడిమి కట్టర్ అందుకున్నాడు. రెండోదీ చిట్లింది. లచ్చన్న మూడో ముక్క అందించి చేతులు మళ్లీ తొడల కింద పెట్టుకున్నాడు.